ఆన్‌లైన్ కోర్సు డేటాతో విద్యార్థుల చదువు అర్థం చేసుకోవాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎవరికైనా ఒక దశలో ఈ ఆలోచన వస్తుంది: కోర్సు నడిపే సిస్టమ్‌లో ఇంత డేటా పోగవుతోంది కదా, ఇందులోంచి ఎవరికి ఏం అర్థమైందో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలుసుకోలేమా? తెలుసుకోవచ్చు. కానీ దారులు అరడజను ఉన్నాయి. ఒక్కోదానికి పట్టే సమయం వేరు, ఖర్చు వేరు, నడపగలిగే మనుషులు వేరు, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక్కోటి జవాబు చెప్పే ప్రశ్న వేరు. చాలామంది ప్రశ్న తేల్చుకోకుండానే టూల్ కొనేస్తారు, ఆరు నెలల తర్వాత రంగురంగుల గ్రాఫులు మిగులుతాయి, క్లాసులో మాత్రం ఏమీ మారదు.

నేను కొన్నేళ్లుగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతున్నాను, తోటి టీచర్లతో కూర్చుని వాళ్ల రిపోర్టులు కూడా చదువుతుంటాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. క్లిక్కుల లెక్క చూస్తే విద్యార్థి వచ్చాడో లేదో తెలుస్తుంది. అతనికి ఏం అర్థం కాలేదో తెలియాలంటే తప్పు జవాబులు చూడాలి. మీ దగ్గర వారానికి ఒక్క గంటే ఉంటే ఆ గంట క్విజ్ జవాబుల మీద పెట్టండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు మీ ప్రశ్న ఏమిటి?

ఏ రిపోర్టు తెరిచే ముందైనా ఒక కాగితం మీద ఇది రాసుకోండి: "ఈ సమాచారం చేతికొస్తే వచ్చే వారం నేను చేసే పని ఏమిటి?" జవాబు రాయలేకపోతే ఆ డేటా మీకు ఇప్పుడు అక్కర్లేదన్నమాట. నాకు ఎదురైన ప్రశ్నలు ఎక్కువగా మూడు రకాలు. ఎవరు మెల్లగా కోర్సుకి దూరమవుతున్నారు? ఏ విషయం ఎక్కువమందికి తప్పుగా బుర్రకెక్కింది? కోర్సులో ఏ భాగాన్ని ఎవరూ వాడట్లేదు? మొదటిదానికి హాజరు లాంటి డేటా చాలు, రెండోదానికి ప్రశ్నలవారీగా జవాబులు కావాలి, మూడోదానికి లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో సిస్టమ్ రాసిపెట్టే చిట్టా, కావాలి. ఈ మూడింటినీ ఒకే డాష్‌బోర్డు తేల్చేస్తుందని ఎవరైనా చెబితే కాస్త ఆగి ఆలోచించండి.

సిస్టమ్‌తో పాటు వచ్చే రిపోర్టులు

ఖర్చు లేదు, ఎవరి సాయమూ అక్కర్లేదు, కాబట్టి అందరూ ఇక్కడే మొదలుపెట్టాలి. మూడుల్ అనే కోర్సు సిస్టమ్‌లో కోర్సు రిపోర్టుల కింద పార్టిసిపేషన్ రిపోర్టు ఒకటి ఉంటుంది. ఒక అసైన్‌మెంటునో ఫోరమ్‌నో ఎంచుకుంటే దాన్ని ఎవరు ముట్టుకున్నారు, ఎవరు ముట్టుకోలేదు చూపిస్తుంది, ముట్టుకోని వాళ్లందరినీ టిక్ చేసి అక్కణ్నుంచే మెసేజ్ పంపొచ్చు. ఇది నాకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే చూడటమూ, చేయాల్సిన పనీ ఒకే పేజీలో ఉన్నాయి. కాన్వాస్ అనే ఇంకో సిస్టమ్‌లో అయితే న్యూ అనలిటిక్స్ అనే చోట పేజీ వ్యూలు, పార్టిసిపేషన్లు వారం వారం కనబడతాయి, మార్కును బట్టో అప్పగించని పనిని బట్టో కొందరికే మెసేజ్ పంపే వీలుంది. గూగుల్ క్లాస్‌రూమ్ వాడేవాళ్లకి ప్రధానంగా దొరికేది మార్కులు, అప్పగించారా లేదా అన్నది. కానీ గూగుల్ ఫామ్స్‌లో క్విజ్ పెడితే ఎక్కువమంది తప్పు చేసిన ప్రశ్నలని సమ్మరీలో విడిగా చూపిస్తుంది, అది చిన్నచూపు చూడాల్సిన సంగతి కాదు.

మూడుల్‌లో యాక్టివిటీ కంప్లీషన్, అంటే ఒక పని పూర్తయిందని టిక్ పెట్టే ఏర్పాటు, దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ టిక్ మార్కు దేనికి పడుతుందో నిర్ణయించేది మీరే. "చూస్తే చాలు" అని సెట్టింగ్ పెడితే పేజీ తెరిచి వెంటనే మూసేసినా టిక్ పడుతుంది, "ఇంత మార్కు తెచ్చుకోవాలి" అని పెడితే ఆ టిక్‌కి కొంత అర్థం ఉంటుంది. ఒక టీచరు నాకు తొంభై శాతం కంప్లీషన్ ఉన్న కోర్సు చూపించి, మరి పరీక్షలో ఇలా ఎందుకు రాశారని చాలా బాధపడ్డారు. సెట్టింగ్ తెరిచి చూస్తే అన్నీ "చూస్తే చాలు"లే. పిల్లలు మోసం చేయలేదు, సిస్టమ్ అడిగింది చేశారు.

క్లిక్కుల రిపోర్టు ఎంత దూరం నమ్మొచ్చో నాకు నేర్పింది ఒక విద్యార్థిని. నాలుగు వారాల పాటు ఆమె పేరు రిపోర్టులో అట్టడుగున ఉంది, వారానికి ఒక్కసారి లాగిన్, పది నిమిషాల్లో బయటికి. కోర్సు వదిలేస్తోందేమో అని టెన్షన్ పడి ఫోన్ చేశాను. "సార్, నాకు నెట్ సరిగ్గా రాదు. సోమవారం పొద్దున సిగ్నల్ ఉన్నప్పుడు పీడీఎఫ్‌లన్నీ ఒకేసారి దింపుకుంటాను, వారమంతా అవే చదువుతాను" అంది. ఆ వారం క్విజ్‌లో క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కు ఆమెదే. పీడీఎఫ్ దింపుకుంటే సర్వర్‌కి తెలిసేది ఒక్క క్లిక్కే, ఆ తర్వాత ఆరు గంటలు చదివినా అరగంట చదివినా దానికి తెలీదు. ఆ రోజు నుంచి తక్కువ క్లిక్కులు కనబడితే ముందు ఆ విద్యార్థిని అడగాలి అనుకుంటాను, అంతకుమించి ఏ నిర్ణయానికీ రాను.

లాగ్‌లు దింపుకుని ఎక్సెల్‌లో చూడటం

రెండో దారి ఇది. మూడుల్ లాగ్ దింపితే సమయం, పేరు, ఏ యాక్టివిటీ, ఏ ఈవెంటు, దాని వివరణ, ఎక్కణ్నుంచి వచ్చింది, ఐపీ అడ్రసు, ఇలా కాలమ్‌లు ఉంటాయి. "ఎక్కణ్నుంచి" అన్న కాలమ్‌లో బ్రౌజర్ ద్వారా వస్తే ఒకలా, మొబైల్ యాప్ ద్వారా వస్తే ఇంకోలా ఉంటుంది, ఎవరు ఫోన్ మీదే ఆధారపడుతున్నారో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు. ఎక్సెల్ ఒక షీట్‌లో 10,48,576 వరసల కన్నా ఎక్కువ పట్టవు. ఒక క్లాసు, ఒక టర్మ్ అయితే ఆ ఇబ్బంది రాదు, సంస్థ మొత్తం లాగ్ అయితే పైథాన్, ఆర్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలకి పోవాల్సిందే. లాగ్‌లని ఎంతకాలం ఉంచాలన్నది అడ్మిన్ సెట్టింగ్ కాబట్టి, కోర్సు అయిపోయాక దింపుకుందాం అనుకుని తీరా చూస్తే చెరిపేసి ఉండొచ్చు, ముందే అడిగి పెట్టుకోండి.

ఇక్కడ అందరూ మొదట చేసేది "ఎవరు ఎన్ని గంటలు చదివారు" అని లెక్కేయడం. దయచేసి ఆ లెక్కతో మొదలుపెట్టకండి. సిస్టమ్‌లో గంటలు రికార్డు కావు, క్లిక్కులే రికార్డవుతాయి, రెండు క్లిక్కుల మధ్య ఖాళీని మనం చదువు అనుకుంటాం. పదింటికి ఒక పేజీ తెరిచి, పదకొండింటికి ఇంకో పేజీ తెరిస్తే ఆ గంట చదివినట్టా, భోజనానికి వెళ్లినట్టా? కొందరు అరగంట దాటిన ఖాళీని వదిలేస్తారు, కొందరు పది నిమిషాలు దాటితేనే వదిలేస్తారు, ఇంకొందరు ఆ చోట సగటు వేస్తారు. 2015లో విటోమిర్ కొవనోవిచ్, తోటి పరిశోధకులు కలిసి ఇలాంటి రకరకాల పద్ధతులతో ఒకే డేటా మీద లెక్కలు వేసి పోల్చి చూశారు, పద్ధతి మారితే చివర్లో తేలే ఫలితాలే మారిపోతున్నాయని తేలింది. కాబట్టి ఎవరైనా మీకు "సగటున విద్యార్థి ఇన్ని గంటలు చదివాడు" అని చెబితే మధ్యలో ఖాళీలని ఏం చేశారో అడగండి, జవాబు లేకపోతే ఆ అంకె పక్కన పెట్టేయండి.

గంటల బదులు నేను చూసేవి రెండే. వారంలో ఎన్ని రోజులు కనబడ్డారు, గడువుకి ఎన్ని రోజుల ముందు అసైన్‌మెంటు మొదటిసారి తెరిచారు. ఈ రెండింటికీ మధ్యలో ఊహ ఏమీ అక్కర్లేదు, ఒక పివట్ టేబుల్ చాలు: వరసల్లో పేర్లు, నిలువు గళ్లలో తేదీలు, లోపల ఈవెంట్ల సంఖ్య. సంఖ్యలు చదవడం కూడా అవసరం లేదు, ఖాళీ గళ్లు ఎక్కడున్నాయో చూస్తే చాలు. రోజూ కొంచెం కొంచెం కనబడుతున్నవాడు మూడో వారంలో ఒక్కసారిగా మాయమైతే, ఆ గళ్ల వరస కళ్లకి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒకరి అలవాటుని వాళ్ల పాత అలవాటుతోనే పోల్చుతున్నాం కాబట్టి సోమవారం ఒక్కరోజే వచ్చే ఆ అమ్మాయి లాంటివాళ్లకి ఇందులో అన్యాయం జరగదు.

మొత్తం మీద ఈ దారి ఎవరికంటే, ఎక్సెల్ అంటే భయం లేని టీచరుకి, నెలకి రెండు మూడు గంటలు పెట్టగలిగితే.

క్విజ్ జవాబులు: నా ఓటు దీనికే

దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది దాదాపు ప్రతి సిస్టమ్‌లోనూ ఉంది, అయినా దీన్ని తెరిచి చూసేవాళ్లు నాకు చాలా తక్కువమంది కనబడ్డారు.

మూడుల్‌లో క్విజ్ ఫలితాల కింద స్టాటిస్టిక్స్ రిపోర్టు తెరవండి. ప్రతి ప్రశ్నకీ రెండు అంకెలు ముఖ్యం. ఒకటి ఫెసిలిటీ ఇండెక్స్, అంటే ఆ ప్రశ్నకి క్లాసు సగటున ఎంత శాతం మార్కు తెచ్చుకుందో. రెండోది డిస్క్రిమినేషన్ ఇండెక్స్, అంటే ఈ ప్రశ్న సరిగ్గా చేసినవాళ్లు మిగతా క్విజ్‌లో కూడా బాగా చేశారా లేదా. ఇది బాగా పాజిటివ్‌గా ఉంటే ప్రశ్న తన పని చేస్తోంది. సున్నా దగ్గర ఉంటే ఆ ప్రశ్నని అందరూ ఊహించి కొట్టారు, లేదా అందరికీ వచ్చేసింది. నెగటివ్‌లో ఉంటే బాగా చదివేవాళ్లే దాన్ని తప్పు చేస్తున్నారన్నమాట, అప్పుడు పిల్లల్ని తప్పు పట్టే ముందు ఆన్సర్ కీ తెరవండి. నేను చూసిన నెగటివ్ ప్రశ్నల్లో ఎక్కువ భాగం కీ తప్పుగా పెట్టినవో, రెండు అర్థాలు వచ్చేలా రాసినవో. అలాంటి ఒక ప్రశ్న వల్ల మార్కు పోయిన పిల్లలు మనకి వచ్చి చెప్పరు, తమకే రాదనుకుని ఊరుకుంటారు, అందుకే ఈ రిపోర్టు చూడటం మన బాధ్యత అని నేను నమ్ముతాను.

ఒక చిన్న జాగ్రత్త: ఇరవై మంది క్లాసులో డిస్క్రిమినేషన్ అంకె ఒకరిద్దరి జవాబులకే అటూ ఇటూ ఊగిపోతుంది. అప్పుడు దాన్ని సూచనగా తీసుకోండి, తీర్పుగా వద్దు.

అసలు విషయం ఈ అంకెల్లో కూడా లేదు, ఏ తప్పు ఆప్షన్‌ని ఎంతమంది ఎంచుకున్నారు అన్నదాంట్లో ఉంది. ప్రశ్న పేరు మీద నొక్కితే ఆ వివరం వస్తుంది. దగ్గర్నుంచి ఒకటి చూపిస్తాను. శాతాల పాఠం తర్వాత నేను పెట్టిన ప్రశ్న ఇది: "ఒక వస్తువు ధరని 20 శాతం పెంచి, కొత్త ధర మీద 20 శాతం తగ్గిస్తే ఏమవుతుంది?" ఎ: మార్పు ఉండదు. బి: 4 శాతం తగ్గుతుంది. సి: 4 శాతం పెరుగుతుంది. డి: 40 శాతం తేడా వస్తుంది. వందకి 20 కలిపితే 120, నూట ఇరవైలో 20 శాతం అంటే 24, కాబట్టి చివరికి 96, జవాబు బి. ఫెసిలిటీ ఇండెక్స్ చాలా తక్కువ వచ్చింది. అంతవరకే చూసి ఉంటే "పాఠం మళ్లీ చెప్పాలి" అనుకుని మొదట్నుంచీ శాతాలు చెప్పేవాణ్ని. ఆప్షన్లు చూస్తే తప్పు చేసినవాళ్లలో దాదాపు అందరూ ఎ దగ్గరే ఉన్నారు, డిని ఎవరూ ముట్టుకోలేదు. అంటే వాళ్లకి శాతం లెక్కకట్టడం వచ్చు, శాతం దేని మీద అన్నది పట్టించుకోవట్లేదు. వాళ్లకి పాఠమంతా మళ్లీ అక్కర్లేదు, "దేని మీద 20?" అని అడిగే ఐదు నిమిషాల వివరణ చాలు. తర్వాతి క్లాసులో అదే చేశాను. ఏ క్లిక్కుల డాష్‌బోర్డూ నాకు ఈ సంగతి చెప్పి ఉండేది కాదు.

అందుకే క్విజ్ రాసేటప్పుడే తప్పు ఆప్షన్లని ఆలోచించి పెట్టండి. ప్రతి తప్పు ఆప్షన్ వెనక ఒక నిజమైన పొరపాటు ఉండాలి. ఊరికే నాలుగు అంకెలు పెడితే తప్పు జవాబు మీకు ఏమీ చెప్పదు. ఇంకోటి, పిల్లలకి ఎన్నిసార్లైనా రాసే వీలిస్తే రిపోర్టులో "మొదటి ప్రయత్నాలు" అని ఎంచుకోండి. అత్యధిక మార్కు తీసుకుంటే జవాబులు చూసి మళ్లీ రాసిన మార్కులు కలిసిపోతాయి, అందరికీ అన్నీ వచ్చినట్టు కనబడుతుంది.

వీడియోల సంగతి ఇక్కడే రెండు మాటల్లో. 2014లో ఫిలిప్ గువో, సహచరులు ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో సెషన్లు పరిశీలించి, ఆరు నిమిషాల లోపు వీడియోలనే జనం ఎక్కువ ఆసక్తిగా చూస్తున్నారని చెప్పారు. అయితే చూడటం వేరు, నేర్చుకోవడం వేరు, ఈ లెక్క మొదటిదాని గురించే. మీ వీడియోలో ఒకే చోట చాలామంది వెనక్కి తిప్పి చూస్తుంటే మాత్రం ఆ నిమిషాన్ని మీరు కూడా చూడండి. విషయం కష్టమై ఉండాలి, లేదా స్లైడ్ త్వరగా మార్చేసి ఉండాలి.

ఎక్స్‌ఏపీఐ, రికార్డ్ స్టోర్‌లు

పాఠం ఒకచోట, ల్యాబ్ సిమ్యులేషన్ ఇంకోచోట, ప్రాక్టీస్ యాప్ మరోచోట ఉంటే డేటా ముక్కలు ముక్కలుగా పడి ఉంటుంది. ఆన్‌లైన్ పాఠాలకి ఉన్న పాత స్కార్మ్ ప్రమాణం ఒక పాఠం ప్యాకేజీ లోపల పూర్తయిందా, ఎంత మార్కు వచ్చింది లాంటివే ప్రధానంగా చెప్పేది. 2013లో 1.0గా వచ్చిన ఎక్స్‌ఏపీఐ దాన్ని దాటి, "ఎవరు, ఏం చేశారు, దేన్ని" అనే మూడు ముక్కల వాక్యంగా ప్రతి పనినీ రాసిపెట్టే ఏర్పాటు, ఆ వాక్యాలన్నీ చేరే చోటు లర్నింగ్ రికార్డ్ స్టోర్. కాలిపర్ అని ఇంకో ప్రమాణం కూడా ఉంది, 2015లో ఐఎంఎస్ గ్లోబల్ తెచ్చింది, ఆ సంస్థ పేరు ఇప్పుడు వన్‌ఎడ్‌టెక్.

మీరు వాడేది ఒక్క సిస్టమే అయితే ఇవేవీ మీకు వద్దు. మూడు నాలుగు సిస్టమ్‌లు ఉండి, వాటిని కలిపే సాఫ్ట్‌వేర్ మనిషి మీ దగ్గర పర్మనెంట్‌గా ఉంటేనే ఆలోచించండి. ఎందుకంటే ఆ వాక్యాల్లో క్రియాపదాలు ఎవరికి వారు పెట్టుకోవచ్చు, ఒక యాప్ "పూర్తి చేశాడు" అని రాసింది ఇంకో యాప్ "చూశాడు" అని రాస్తుంది, వాటిని ఒక దారికి తేవడమే అసలు పని, అది ఒక్కసారితో అయిపోయేది కాదు.

ముందే హెచ్చరించే మోడళ్లు

అమ్మేవాళ్లు గట్టిగా చెప్పేది దీని గురించే: ఎవరు ఫెయిల్ అవుతారో సిస్టమ్ ముందే చెప్పేస్తుంది. మూడుల్‌లో కూడా 2017లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి, కోర్సు వదిలేసే ప్రమాదం ఉన్నవాళ్లని గుర్తించే మోడల్ ఒకటి ఉంది. ఆలోచన మంచిదే. కానీ ఒక లెక్క వేసి చూడండి. 200 మంది కోర్సు, అందులో నిజంగా ఇబ్బంది పడేవాళ్లు 20 మంది అనుకుందాం. మోడల్ వాళ్లలో నూటికి 80 మందిని పట్టుకుంటుంది, మిగతావాళ్లలో నూటికి 20 మందిని పొరపాటున పట్టుకుంటుంది. వినడానికి బానే ఉంది. అంటే 20లో 16 మంది, 180లో 36 మంది, మొత్తం 52 పేర్లు మీ ముందుకొస్తాయి, వాళ్లలో నిజంగా సాయం కావాల్సినవాళ్లు 16 మందే, ముగ్గురిలో ఒక్కరు కూడా కాదు. ఆ 52 మందికీ ఫోన్ చేసి ఆప్యాయంగా "ఎలా నడుస్తోంది?" అని అడిగే మనిషి ఉంటే పొరపాటు వల్ల నష్టమేమీ లేదు, మోడల్ ఉపయోగపడినట్టే. అదే 52 మందికీ "మీరు ఫెయిల్ అయ్యే ప్రమాదం ఉంది" అని ఆటోమేటిక్ మెయిల్ వెళితే 36 మంది గుండెల్లో అకారణంగా రాయి పడుతుంది.

ఈ రంగంలో బాగా పేరున్న ఉదాహరణ అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం కోర్స్ సిగ్నల్స్. విద్యార్థికి ట్రాఫిక్ లైటు లాగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చూపించేది. సిగ్నల్స్ ఉన్న కోర్సులు రెండు, అంతకు మించి తీసుకున్నవాళ్లు చదువు మానకుండా కొనసాగుతున్నారని ప్రచారం జరిగింది. 2013లో మైక్ కాల్‌ఫీల్డ్, అల్ఫ్రెడ్ ఎస్సా ఈ లెక్కని ప్రశ్నించారు: చదువు మానేయకుండా ఎక్కువకాలం ఉన్నవాళ్లకే ఎక్కువ సిగ్నల్స్ కోర్సులు తీసుకునే అవకాశం దొరుకుతుంది కదా, మరి దేనివల్ల ఏది జరిగినట్టు? మీ దగ్గరికి ఎవరైనా "మా టూల్ వాడినవాళ్లు తక్కువ మానేశారు" అని వస్తే ఇదే ప్రశ్న అడగండి.

పాస్ శాతం లెక్కేయడానికి భాగించేటప్పుడు కింద ఎవర్ని పెట్టాం అన్నది కూడా ఇలాంటిదే. 2012లో అమెరికాలోని ఎంఐటీ, ఎంఐటీఎక్స్ పేరుతో పెట్టిన మొదటి ఉచిత ఆన్‌లైన్ కోర్సు సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్‌లో 1,54,763 మంది పేరు నమోదు చేసుకుంటే 7,157 మంది పాసయ్యారు. నమోదు చేసుకున్నవాళ్లతో భాగిస్తే ఐదు శాతం కూడా లేదు. కానీ ఒక్క లెక్క కూడా చేయకుండా ఊరికే చూసి వెళ్లినవాళ్లని "ఫెయిలయ్యారు" అనడం సరైనదేనా?

సొంతంగా మోడల్ కట్టి చూద్దామనే ఉత్సాహం ఉంటే బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 2017లో అందరికీ తెరిచిన డేటాసెట్ ఉంది, 32,593 మంది విద్యార్థులది, క్లిక్కుల వరసలే కోటికి పైగా. మీ పిల్లల డేటా ముట్టుకునే ముందు దాని మీద చేయి తిప్పుకోవడం మంచిది. నలభై మంది క్లాసుకి మోడల్ పెట్టడం అంటే మాత్రం నేల విడిచి సాము చేయడమే, ఆ నలభై పేర్లూ మీకు గుర్తుంటాయి.

తనంతట తాను సర్దుకునే ప్రాక్టీస్ సిస్టమ్‌లు

ఇవి ఒక్కో చిన్న నైపుణ్యం విద్యార్థికి వచ్చిందా లేదా అని జవాబు జవాబుకీ అంచనా వేస్తాయి. 1990లలో ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ చెప్పిన నాలెడ్జ్ ట్రేసింగ్ పద్ధతి ఇప్పటికీ అర్థం చేసుకోవడానికి సులువు: విద్యార్థికి ముందే తెలిసి ఉండే అవకాశం, ఒక అవకాశం దొరికితే నేర్చుకునే అవకాశం, తెలియకపోయినా ఊహించి సరిగ్గా పెట్టే అవకాశం, తెలిసి కూడా చేయి జారే అవకాశం. ఈ నాలుగు అంకెలే. ఇది నాకు ఇష్టం, ఎందుకంటే ఒక్క తప్పుకే "రాదు" అని ముద్ర వేయదు. గణితం, వ్యాకరణం, ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు లాంటివాటికి బాగా పనికొస్తాయి, వ్యాసరచనకి, చర్చకి పెద్దగా పనికిరావు. హింట్ బటన్ వరసగా నొక్కి జవాబు రాబట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఈ అలవాటు మీద ర్యాన్ బేకర్ 2004 నుంచే పరిశోధన చేశారు, కాబట్టి కొనే ముందు "హింట్లు ఎన్ని వాడారో మాకు కనబడుతుందా?" అని అడగండి.

విద్యార్థికి చూపించాలా?

చూపించాలి, కానీ ఏం చూపిస్తున్నామో చూసుకోవాలి. క్లాసు సగటు పక్కన తన గీత కిందికి ఉంటే కొందరు పుంజుకుంటారు, చాలామంది కుంగిపోతారు. నేను పోలిక తీసేసి "పోయిన వారం నీది, ఈ వారం నీది" మాత్రమే ఉంచాను. ఏం సేకరిస్తున్నామో కోర్సు మొదటి రోజే వాళ్లకి చెప్పడం కూడా మన పనే. అమెరికాలో ఇన్‌బ్లూమ్ అనే విద్యార్థుల డేటా సంస్థ పెద్ద నిధులతో మొదలై, గోప్యత మీద తల్లిదండ్రుల ఆందోళనలతో 2014లో మూతపడింది. లాగ్ దింపగానే ఐపీ అడ్రసుల కాలమ్ తీసేయండి, అది మీకు అక్కర్లేదు, వేరే వాళ్లతో పంచుకునే షీట్‌లో పేర్ల బదులు నంబర్లు పెట్టండి.

మరి మీకేది?

ఒక్కరే టీచరు, నలభై యాభై మంది అయితే: పార్టిసిపేషన్ రిపోర్టు వారానికి పది నిమిషాలు, క్విజ్ జవాబులు అరగంట, మిగిలిన సమయం ఇద్దరు ముగ్గురికి ఫోన్లు. ఇంతకన్నా ఖరీదైన ఏర్పాటు ఏదీ ఈ సైజు క్లాసులో దీనికన్నా ఎక్కువ చెప్పగా నేను చూడలేదు.

ఒకే కోర్సుని నలుగురైదుగురు టీచర్లు కలిసి చెబుతుంటే: క్విజ్ ప్రశ్నలు ఉమ్మడిగా పెట్టుకోండి, అప్పుడు డిస్క్రిమినేషన్ అంకెలకి తగినంత మంది దొరుకుతారు, ఏ సెక్షన్‌లో ఏ పొరపాటు ఎక్కువగా ఉందో కూడా తెలుస్తుంది. పక్క టీచరు దాన్ని ఎలా చెప్పారో అడిగి తెలుసుకోండి. దీన్ని టీచర్ల ర్యాంకింగుకి వాడితే మాత్రం మర్నాడే అందరూ తేలిక ప్రశ్నలు పెట్టడం మొదలుపెడతారు. లాగ్‌ల పివట్ టేబుల్ చేసే పని ఒకరికి అప్పగించండి.

వేలమంది ఉన్న సంస్థ అయితే: హెచ్చరిక మోడల్ ఆలోచించొచ్చు, కానీ ముందు ఫోన్ చేసే మనుషుల్ని పెట్టుకోండి, ఆ తర్వాత మోడల్. పోయిన ఏడాది డేటా మీద దాన్ని నడిపి ఎన్ని పేర్లు ఇస్తుందో, వాటిలో ఎన్ని నిజమో లెక్కేసి చూడండి. సిస్టమ్‌లు చాలా ఉంటేనే ఎక్స్‌ఏపీఐ.

ఏ టూల్ కొన్నా సంతకం పెట్టే ముందు ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. విద్యార్థి ఒక్కొక్క ప్రశ్నకి ఇచ్చిన జవాబులు మాకు సీఎస్‌వీలో (ఎక్సెల్‌లో తెరవగలిగే ఫైల్‌లో) దింపుకునే వీలుందా, లేక మీ గ్రాఫులే చూడాలా? ఒక విద్యార్థి పేరు ఎర్రగా కనబడితే ఎందుకు ఎర్రగా ఉందో కారణం చూపిస్తారా? మేము మీ దగ్గర్నుంచి వెళ్లిపోతే డేటా మొత్తం మాకిచ్చి మీ సర్వర్లలోంచి ఎన్ని రోజుల్లో చెరిపేస్తారు? మొదటిదానికి "లేదు" అంటే నేనైతే అక్కడితో ఆపేస్తాను.